పటం విప్పితే నవ్వు: దక్షిణ తెలంగాణ వీధి చిత్రకథలో హాస్యం

ప్రవేశిక

దారిన పోయేవారిని ఆపి నవ్వించే బొమ్మ నేటి నగరపు గోడల మీద పుట్టిందని సాధారణంగా భావిస్తారు. అయితే నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల మెట్ట ప్రాంతాలలో వీధిలో బొమ్మను నిలబెట్టి, దాని ముందు జనాన్ని కూర్చోబెట్టి, రాత్రంతా కథ చెప్పి నవ్వించిన సంప్రదాయం తరతరాలుగా ఉన్నది. ఆ బొమ్మను గీసినవారు నకాషీలు. ఆ బొమ్మకు నోరిచ్చినవారు కాకిపడగల, కూనపులి, డక్కలి, మందహెచ్చు మొదలైన ఆశ్రిత కులాల కథకులు. ఈ పటాలకు నేడు చేర్యాల పటాలని పేరు స్థిరపడింది. 2016 జిల్లాల పునర్విభజన తరువాత చేర్యాల సిద్దిపేట జిల్లాలో ఉన్నది. అంతకుముందు వరంగల్ జిల్లాలో ఉండేది. తెలంగాణ సాయుధ పోరాట కాలానికి చేర్యాలకు పొరుగున ఉన్న జనగామ తాలూకా నల్లగొండ జిల్లాలో భాగం. నేటి జిల్లా సరిహద్దులను బట్టి ఈ కళను ఒక ఊరికే పరిమితం చేసి చూడటం చరిత్రకు సరిపడదు.

పటాల గురించిన రచనలలో వర్ణాలు, తయారీ విధానం, కులపురాణ కథాంశాలు విస్తారంగా చర్చకు వచ్చాయి. వాటిలోని హాస్యం మాత్రం వినోదాంశంగా, కథ మధ్యలో విశ్రాంతిగా మాత్రమే లెక్కకు వచ్చింది. పటంలోని హాస్యం బొమ్మలో ఒంటరిగా లేదనీ, మాటలో ఒంటరిగా లేదనీ, ఆ రెంటి నడుమ ఉన్న ఎడంలో పుడుతుందనీ నిరూపించటం ఈ వ్యాసం ఉద్దేశం. ఈ విషయాన్ని గుర్తించకపోతే పటం గోడకెక్కి అలంకారంగా మారినప్పుడు ఏమి పోయిందో తెలియదు.

మోసుకుపోగల గోడ

నకాషీ అనే మాట చిత్రించటం, చెక్కటం అనే అర్థాలనిచ్చే 'నఖ్ష్' అనే పదం నుంచి ఉర్దూ ద్వారా తెలుగులోకి వచ్చింది. ఈ వృత్తివారు పటాలు మాత్రమే గీయలేదు. పొణికి కర్రతో బొమ్మలు చెక్కారు. రంపపు పొట్టును చింతగింజల ముద్దతో కలిపి ముఖాలు మలిచారు. దేవాలయాలకు కావలసిన బొమ్మలకు, వాహనాలకు రంగులు వేశారు. అంటే ఊరికి కావలసిన రూపాలన్నీ ఒకే చేతి నుంచి వచ్చేవి.

పటానికి ఖద్దరు గుడ్డ ఆధారం. దానికి గంజి, సుద్దమట్టి, చింతగింజల అంబలి, జిగురు కలిపి పూతలు పూస్తారు. ఒక పూత ఆరిన తరువాత మరొకటి వేస్తారు. గుడ్డ గట్టిపడి, మడిచినా పగలని నేల ఏర్పడుతుంది. ఉడుత వెంట్రుకల కుంచెతో రేఖలు గీస్తారు. దీపపు మసి నలుపు, ఇంగిలీకం ఎరుపు, గవ్వల సున్నం తెలుపు, నీలిమందు నీలం పాత వర్ణాలు. నేపథ్యం ఎరుపు. పటం వెడల్పు సుమారు ఒక గజం. పొడవు 40 నుంచి 60 అడుగుల వరకు, కొన్నిటికి అంతకు మించి ఉంటుంది. పై నుంచి కిందికి అడ్డుపట్టీలుగా కథ సాగుతుంది. మొదటి పట్టీలలో వినాయకుడు, సరస్వతి ఉంటారు. పట్టీకీ పట్టీకీ మధ్య పూలతీగ అంచు ఉంటుంది. కథకుడు పటాన్ని కర్రలకు వేలాడదీసి, పట్టీ పట్టీగా విప్పుతూ, బెత్తంతో చూపుతూ కథ నడుపుతాడు. ఈ దృష్టిలో పటం చుట్టి మోసుకుపోగల గోడ. సాయంత్రం వాడ మధ్యలో లేచి, కథ ముగిసిన తరువాత భుజం మీద మరో ఊరికి సాగే గోడ అది.

ఈ గోడకు యజమాని ఎవరన్నది ముఖ్యమైన ప్రశ్న. పటం గీసిన నకాషీ దానికి యజమాని కాడు. గీయించుకున్న కథకుడు యజమాని. కథకునికి ఊళ్ల మీద వంశపారంపర్య హక్కు ఉంటుంది. దానిని మిరాశీ అంటారు. ఒకరి మిరాశీ ఊరిలో మరొకరు పటం విప్పరాదు. ప్రతి కథకునికీ ఒక దాతృ కులం ఉంటుంది. కూనపులివారు పద్మశాలీలకు మార్కండేయ పురాణం చెబుతారు. డక్కలివారు మాదిగలకు జాంబపురాణం చెబుతారు. కాకిపడగలవారు ముదిరాజులకు పాండవుల కథ చెబుతారు. మందహెచ్చులవారు గొల్లలకు కాటమరాజు కథ చెబుతారు. గౌడులకు గౌడజెట్టీలు, మంగలివారికి అద్దపువారు, చాకలివారికి పటమువారు కథకులు. ఈ పట్టికను గమనిస్తే నవ్వుకు ఒక హద్దు ఉన్నదని తెలుస్తుంది. ప్రతి నవ్వూ ఒక కులం లోపల, ఆ కులం వాకిట్లో, ఆ కులం కట్నంతో పుట్టింది.

చిత్రశాలలో మాట

బొమ్మకూ మాటకూ ఉన్న ఈ పొత్తుకు తెలుగు సాహిత్యంలో పాత సాక్ష్యం క్రీడాభిరామం. రావిపాటి త్రిపురాంతకుని సంస్కృత ప్రేమాభిరామం దీనికి మూలం. వినుకొండ వల్లభరాయని పేర ప్రసిద్ధమైన ఈ కృతి కర్తృత్వం గురించి పండితులలో వాదం ఉన్నది. గోవింద మంచనశర్మ, టిట్టిభసెట్టి అనే ఇద్దరు మిత్రులు కాకతీయుల ఓరుగల్లు వీధులలో ఒక దినం తిరుగుతారు. ఆ తిరుగుడులో మాచల్దేవి చిత్రశాల వస్తుంది. అక్కడి చిత్రాలలో దేవతలు, మునులు కామానికి లోబడిన పురాణ ఘట్టాలున్నాయి. వాటిని గీసిన చిత్రకారుడు పురాణాన్ని తప్పలేదు. చూసేవారి మాట వాటిని వేశ్యావాటిక మధ్యలో నిలబెట్టింది. పురాణం, స్థలం, మాట కలిసిన చోట హాస్యం పుట్టింది.

ఈ కృతిని వెలుగులోకి తెచ్చిన మానవల్లి రామకృష్ణకవి వనపర్తి సంస్థానంలో ఆస్థాన పండితుడుగా ఉన్నవాడు. దానిని సాంఘిక చరిత్రకు ఆధారంగా విస్తారంగా వాడుకున్న సురవరం ప్రతాపరెడ్డి మహబూబ్‌నగర్ జిల్లాకు చెందినవాడు. 1949లో వెలువడిన 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర' కావ్యాలలోని వీధులను, వేషాలను, ఆటలను, పరిహాసాలను చరిత్రకు సాక్ష్యాలుగా నిలబెట్టింది. రాజుల శాసనాలతో పాటు జనం నవ్విన మాటకు కూడా చరిత్రలో చోటున్నదని ఆ గ్రంథం స్థాపించిన సూత్రం. పటాల హాస్యాన్ని పరిశీలించటానికి ఆ సూత్రమే ఆధారం కాగలదు.

కాకతీయుల కాలపు చిత్రలేఖనం కావ్యవర్ణనకే పరిమితం కాదు. సూర్యాపేట సమీపంలోని పిల్లలమర్రిలో, రేచర్ల రెడ్డి వంశీయులు కట్టించిన నామేశ్వరాలయంలో, క్షీరసాగర మథన చిత్రం అవశేషం ఉన్నది. ఆ చిత్రాన్ని గుడిలో చూసేవారికి కథ ముందే తెలుసు, వారు నమస్కరిస్తారు. అదే ఘట్టం వీధి పటంలో వచ్చినప్పుడు పక్కన కథకుడు ఉంటాడు. గుడి గోడకూ వీధి పటానికీ మొదటి భేదం ఈ గొంతు.

నవ్వు ఎక్కడ పుడుతుంది?

నకాషీ రేఖలో ఒక గాంభీర్యం ఉన్నది. దేవతలకు నీలం, దేవతాస్త్రీలకు పసుపు, రాక్షసులకు ముదురు వర్ణం అనే నియమం ఉన్నది. అందరికీ నిండు ఆభరణాలు, పెద్ద కళ్లు ఉంటాయి. నకాషీ ఎవరినీ వంకరగా గీయడు. వ్యంగ్య చిత్రకారుడు ముక్కును సాగదీసినట్లుగా దేవుని రూపాన్ని సాగదీయడు. అయితే ఆయన గీసే కుండ ఊరి కుండ. మగ్గం ఊరి మగ్గం. తాటిచెట్టు ఊరి తాటిచెట్టు. వైకుంఠమైనా, కైలాసమైనా పరికరాలు మాత్రం వాడలోనివే. దేవుడు తన కిరీటంతో, తన గాంభీర్యంతో, ఊరివాని పనిముట్ల మధ్య నిలబడతాడు. బొమ్మ నవ్వదు, నవ్వుకు సిద్ధం చేస్తుంది.

మార్కండేయ పురాణ పటాన్ని చూడండి. పద్మశాలీల మూలపురుషుడైన భావనాఋషి విష్ణువు నాభికమలం నుంచి వచ్చిన తంతువుతో దేవతలకు వస్త్రం నేస్తాడు. కథ ప్రకారం అంతవరకు దేవతలకు వస్త్రం లేదు. దేవతల మానం కాచినది సాలెవాడనే గర్వం ఈ కథకు ప్రాణం. ఋషి పెళ్లాడినది సూర్యుని కుమార్తె భద్రావతిని. కాలవాసురుడనే రాక్షసుని చంపి, అతని శరీరం నుంచి రంగులు సంపాదించాడని కథ చెబుతుంది. పోచంపల్లి, పుట్టపాక, కొయ్యలగూడెం వంటి నల్లగొండ నేత ఊళ్లలో మగ్గం గుంటలో కూర్చొని దినమంతా నేసి, తన ఒంటి మీద మాత్రం చిరుగు గుడ్డతో ఉన్న మనిషికి ఈ కథ వినిపించినప్పుడు ఒక విపర్యయం ఏర్పడుతుంది. బొమ్మలో దేవతలు బట్ట కోసం ఎదురుచూస్తున్నారు. బొమ్మ ముందు నేతగాడు కూర్చున్నాడు. ఎవరు ఎవరికి దాత? ఆ ప్రశ్న వేయవలసిన అవసరం కథకునికి లేదు. బెత్తం చివరను ఒక పట్టీ మీద నిలిపితే చాలు.

జాంబపురాణంలో ఈ విపర్యయం మరింత పదునుగా ఉన్నది. భూమి పుట్టకముందే జాంబవుడు పుట్టాడని ఆ కథ వాదం. ఎవరు పెద్ద అనే వివాదంలో జాంబవుడు బ్రాహ్మణునికి ఎదురు నిలిచి మాటకు మాట అప్పగిస్తాడు. అస్పృశ్యతకు కారణం చెప్పే కామధేనువు ఘట్టంలో ఆవు మాంసం కోసం ఆశపడినవారు దేవతలే. వండే వేళ కిందపడిన ముక్కను ఊది మళ్లీ కుండలో వేసినందుకు శాపం పొందినవాడు మాత్రం జాంబవుని వంశీయుడు. ఈ కథ రూపం ఒకటి ఎడ్గార్ థర్‌స్టన్ 1909లో ప్రచురించిన ఏడు సంపుటాల కులాల గ్రంథంలో, మాదిగల గురించిన భాగంలో నమోదై ఉన్నది. అక్కడ చదివితే ఇది ఒక కులం తన స్థితికి చెప్పుకున్న కారణంగా మాత్రమే కనబడుతుంది. పటం ముందు విన్నప్పుడు కథ స్వభావం మారుతుంది. నోరూరినవాడు దేవుడు, శిక్ష పడినవాడు వంటవాడు. ఆ వ్యంగ్యాన్ని పట్టుకోవటానికి శ్రోతకు వ్యాఖ్యానం అక్కరలేదు. కిరీటధారులైన దేవతలు కుండ వైపు చూస్తున్న బొమ్మ ఒక్కటి చాలు.

ఇక్కడ కథకుని స్థానాన్ని కూడా గమనించాలి. డక్కలివారు మాదిగలను ఆశ్రయించి బతికే కులం. ఊరి వ్యవస్థ అట్టడుగుకు నెట్టిన వారి వాకిట్లో వీరు యాచకులు. వీరి మాట మీద దాత నవ్వుతాడు, ఆ నవ్వే వీరికి కట్నం తెస్తుంది. అందుచేత ఈ హాస్యం స్వేచ్ఛగా పుట్టిన ధిక్కారమని తేల్చివేయటం సరికాదు. అది జీవనోపాధి కూడా. పై కులాన్ని చూసి నవ్వటానికి దాతకు అవకాశమిచ్చి, ఆ దాత ముందు తాను చేయి చాచే స్థితి కథకునిది. కట్నమిచ్చినవారిని పేరు పెట్టి పొగడటం కథలో భాగం. ఆ పొగడ్తలో ఎంత ప్రశంస, ఎంత ఎత్తిపొడుపు ఉన్నదో గొంతు మలుపు తెలిసినవారికే తెలుస్తుంది. ఆశ్రిత కులాల హాస్యాన్ని తిరుగుబాటుగా కీర్తించినా, వినోదంగా తక్కువ చేసినా, ఈ రెండంచుల స్థితి మరుగునపడుతుంది.

కాటమరాజు కథలో హాస్యం వేరొక రీతిలో పనిచేస్తుంది. నెల్లూరు నల్లసిద్ధికీ కాటమరాజుకూ పుల్లరి గురించి వచ్చిన తగాదా ఎర్రగడ్డపాటి యుద్ధానికి దారితీసింది. గడ్డి మేసినందుకు పన్ను అనే మాట పశుపాలకులకు ఎన్నటికీ పాతబడదు. దేవరకొండ, అచ్చంపేట వైపు మేకలనూ గొర్రెలనూ తోలుకుని నల్లమల అంచుల్లో తిరిగేవారికి రాజు, పన్ను, మేత అనేవి పురాణ విషయాలు కావు. వీరగాథలో రాజు పేరు మారదు. శ్రోత మనసులో మాత్రం ఆ స్థానంలోకి తనకు తెలిసిన అధికారి వచ్చి కూర్చుంటాడు.

కాలీఘాట్‌తో పోలిక

భారతదేశంలో చిత్రకథా సంప్రదాయాలు అనేకం ఉన్నాయి. రాజస్థాన్‌లో భోపాల ఫడ్, మహారాష్ట్ర పింగుళిలో చిత్రకథి, బెంగాల్‌లో పటువాల చుట్టుపటాలు వాటిలో ముఖ్యమైనవి. హాస్యానికి సంబంధించి బెంగాల్ చరిత్ర ప్రత్యేకంగా పోల్చదగినది. 19వ శతాబ్దిలో పల్లెల నుంచి కలకత్తా చేరిన పటువాలు కాలీఘాట్ గుడి పరిసరాలలో యాత్రికులకు విడి కాగితం మీద బొమ్మలు గీసి అమ్మారు. చుట్టుపటం పోయి ఒంటి బొమ్మ వచ్చింది. పాట పాడేందుకు సమయం పోయింది. దానితో హాస్యం బొమ్మలోకే చేరవలసి వచ్చింది. పిల్లిలా చేపను నోట కరచుకున్న కపట భక్తుడు, భార్య పాదాల దగ్గర పడి ఉన్న బాబు, 1873లో సంచలనం కలిగించిన తారకేశ్వర మహంతు వ్యవహారం ఆ బొమ్మలకు విషయాలైనాయి. బొమ్మ తానే మాట్లాడటం నేర్చుకున్నది.

తెలంగాణ పటానికి ఇటువంటి మార్పు ఆ కాలంలో రాలేదు. ఇక్కడి నకాషీ సంతలో తెలియని కొనుగోలుదారు కోసం గీయలేదు. తెలిసిన కథకుని కోసం, ఆ కథకుని ఎరిగిన కులం కోసం గీశాడు. కనుక నవ్వించే బాధ్యత గొంతు మీదనే నిలిచింది, బొమ్మ తన గాంభీర్యాన్ని కాపాడుకున్నది. కాలీఘాట్ బొమ్మలను నేడు ప్రదర్శనశాలలో చూసి కూడా నవ్వవచ్చు. చేర్యాల పటాన్ని ప్రదర్శనశాలలో చూసి ఎవరూ నవ్వరు. ఆ కళలో హాస్యం లేకపోవటం దీనికి కారణం కాదు. నవ్వించే సగం అక్కడికి రాలేదు.

గోడకెక్కిన పటం

20వ శతాబ్ది రెండవ సగంలో కథకుల తిరుగుడు తగ్గింది. సినిమా, దూరదర్శన్ రాత్రులను ఆక్రమించాయి. కరువుకూ వలసకూ పేరుపడిన పాలమూరులో దాతలే ఊరు విడిచి కూలికి పోయారు. కట్నం ఇచ్చే వాకిలి మూతపడిన చోట మిరాశీకి అర్థం లేదు. కులం పేరిట యాచించటం అవమానమని తరువాతి తరాలు భావించటం కూడా ఒక కారణం. అది న్యాయమైన కారణం. పటం అడిగేవారు లేక నకాషీ కుటుంబాలు తగ్గి, చేర్యాలలో కొద్ది ఇళ్లకు పరిమితమైనాయి.

కళ నిలిచిన విధానం అందరికీ తెలిసినదే. చేతిపనుల సంస్థలు, ప్రదర్శనలు, పురస్కారాలు, భౌగోళిక గుర్తింపు దానిని కాపాడాయి. అరవై అడుగుల పటానికి బదులు ఒక పట్టీ అంత బొమ్మ చట్రంలో చేరింది. తాటిచెట్టు ఎక్కుతున్న గౌడు, మగ్గం మీది సాలె, వడ్లు దంచే స్త్రీ, బతుకమ్మ ఆట అమ్ముడుపోయే విషయాలైనాయి. రాష్ట్ర అవతరణ తరువాత అదే శైలి బహిరంగ గోడల మీద తెలంగాణ గుర్తుగా నిలిచింది. బతుకుతెరువు దొరికిన నకాషీని ఇందుకు తప్పుపట్టటానికి వీలులేదు.

అయితే మారినదేమిటో స్పష్టంగా చెప్పుకోవాలి. పాత పటంలో గౌడు దేవతల పక్కన నిలిచి, వారిని తన చెట్టు కిందికి రప్పించుకునేవాడు. నేటి గోడ మీద గౌడు ఒక్కడే ఉన్నాడు, అందంగా ఉన్నాడు. అతని ఎదుట పరిహాసానికి గురయ్యే దేవుడు లేడు, రాజు లేడు, పన్ను లేదు. వాడ మనిషి తన పనిముట్లతో దేవలోకాన్ని కొలిచిన చోట, చూసేవాడు వాడ మనిషిని కొలుస్తున్నాడు. నవ్వు దిశ మారింది. గోడ ఊరు దాటని రోజులలో పటం ఊరూరు తిరిగింది. నేడు పటం గోడ మీద నిలిచిపోయింది.

పరిశోధనలో చీలిక

ఈ నష్టంలో పరిశోధనకు కూడా కొంత భాగం ఉన్నది. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో బిరుదురాజు రామరాజు జానపద గేయ సాహిత్యంపై చేసిన కృషి, 1958లో గ్రంథరూపంలో వెలువడి, మౌఖిక సాహిత్య అధ్యయనానికి తెలుగు శాఖలలో దారి వేసింది. ఆ దారిన కులపురాణాలు సేకరణకు వచ్చాయి, పాఠాలుగా ముద్రణ పొందాయి. మరొకవైపు కళాచరిత్రకారులు, సేకర్తలు పటాలను భద్రపరచి, రంగులతో అచ్చువేశారు. ఒకరి దగ్గర మాట ఉన్నది, మరొకరి దగ్గర బొమ్మ ఉన్నది. పాఠాన్ని ముద్రించినవారు ఏ మాట దగ్గర బెత్తం ఏ పట్టీ మీద ఆగిందో రాయలేదు. పటాన్ని ముద్రించినవారు ఆ పట్టీ దగ్గర జనం ఎందుకు నవ్వారో రాయలేదు. హాస్యం ఈ రెండు గ్రంథాల మధ్య ఉన్న ఖాళీలో జారిపోయింది.

పాతబడిన పటాన్ని కర్మకాండతో నదిలో నిమజ్జనం చేయటం కథకుల ఆచారం. పటానికి ప్రాణమున్నదని వారు నమ్మారు. కొత్త పటంలో కళ్లను చివరన తెరిచేవారు. ఈ ఆచారం వల్ల పాత పటాలు దొరకటం అరుదైంది. కానీ కథకులకు అది నష్టంగా తోచలేదు. కథ గొంతులో ఉన్నంతకాలం మరో పటం గీయించుకోవచ్చు. నేటి స్థితి దీనికి తలకిందులు. పటాలు అద్దాల వెనుక భద్రంగా ఉన్నాయి, గొంతులు ముగిసిపోతున్నాయి. ముసలి కథకుడు పోయినప్పుడు ఏ నదిలోనూ నిమజ్జనం జరగదు. ఆ పట్టీ దగ్గర చెప్పవలసిన మాట మాత్రం తిరిగి రాదు.

ముగింపు

దక్షిణ తెలంగాణ వీధి చిత్రకథలో హాస్యం అలంకారం కాదు, నిర్మాణ సూత్రం. బొమ్మ గాంభీర్యాన్ని వహిస్తుంది, గొంతు దానిని వాడ మధ్యకు దించుతుంది, శ్రోత తన బతుకుతో ఆ రెంటినీ కలుపుతాడు. క్రీడాభిరామ కర్త చిత్రశాలను మాటలో పెట్టి చూపిన పద్ధతికీ, డక్కలి కథకుడు బెత్తం చివర జాంబపురాణాన్ని నిలిపిన పద్ధతికీ ఈ విషయంలో సామ్యం ఉన్నది. మొదటిది కావ్యచరిత్రలో చోటు పొందింది. రెండవది చేతిపనుల జాబితాలో చేరింది.

మిగిలిన కథకుల ప్రదర్శనలను పట్టీల వారీగా, మాటతో, గొంతు మలుపుతో, శ్రోతల ప్రతిస్పందనతో కలిపి నమోదు చేయటం తెలుగు శాఖలు చేపట్టవలసిన పని. దానికి చిత్రకళా పరిశోధకులూ, సాహిత్య పరిశోధకులూ ఒకే పటం ముందు కూర్చోవాలి. కథకునికి ఆ పని యాచనగా కాక పారితోషికంతో కూడిన విద్యాదానంగా ఉండాలి. అలా జరిగితే దేవతల ఎదుట కూర్చున్న నేతగాడు ఎందుకు నవ్వాడో తరువాతి తరానికి తెలుస్తుంది. లేనిపక్షంలో ఎర్రని నేల మీద కిరీటాలు పెట్టుకున్న కొన్ని నీలి బొమ్మలు మాత్రమే మిగులుతాయి.